ఎకరం, కిలో, రూపాయి: మన అన్నం హక్కు నడిచొచ్చిన దారి

మన గూడేల్లో కొత్త పంట ఇంటికి రాగానే ఎవరూ నోట పెట్టుకోరు. చిక్కుడైనా, సామలైనా, కొర్రలైనా ముందు పండుగ చేయాలి. ఊరి దేవతకు, గతించిన పెద్దలకు పెట్టాలి. ఆ తర్వాతే మనం తినాలి. కోయలు పచ్చ పండుగ అన్నా, మరొకరు కొత్తల పండుగ అన్నా నియమం ఒక్కటే. ఇందులో భక్తితో పాటు ఒక లెక్క కూడా ఉంది. పంట ముదరకముందే కోసుకుని విత్తనానికి లేకుండా చేసుకోవద్దు. ఊళ్లో ఒకరు తింటుంటే ఇంకొకరు పస్తుండవద్దు.

ఇప్పుడు అదే గూడెంలో పండుగకు ముందు సంతకు వెళ్లి కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు కొని తెచ్చుకుంటున్నాం. కొండ మీద కందులు పండించిన తాతల మనవలు పప్పు ధర విని అరకిలోతో సరిపెట్టుకుంటున్నారు. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు పట్నం వాళ్లు పడిన ఇబ్బందే మన సంతల్లోనూ కనిపించింది. పండించి, ఏరుకుని తిన్న జాతి కొనుక్కుని తినే జాతిగా ఎలా మారింది? రాజ్యాంగం మనకిచ్చిన హక్కులు మన కంచం దాకా వచ్చాయా? యువ మిత్రులారా, ఈ రెండు ప్రశ్నలకు జవాబు మన చరిత్రలోనే ఉంది.

కుంచం మోసం, కోర్టు జప్తు

పూర్వం మన పెద్దలు సంతలో కొనే సరుకులు తక్కువ. ఉప్పు, బట్ట, ఇనుము వంటివే. కొండ మీద ఉప్పు దొరకదు. ఆ ఒక్క ఉప్పుతోనే బయటి వ్యాపారికి పట్టు దొరికింది. చింతపండు ఇచ్చి ఉప్పు తీసుకునే చోట కుంచం ఎవరి చేతిలో ఉంటే లాభం వారిది. తరువాత అప్పు వచ్చింది. అప్పు వెంట కోర్టు వచ్చింది.

1879లో రంప ప్రాంతంలో మన్యం భగ్గుమనడానికి కారణాలు చూడండి. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద పన్ను వేశారు. పోడు మీద, అడవి మీద ఆంక్షలు పెట్టారు. కొండవాళ్లకు తెలియని భాషలో, తెలియని చట్టాలతో మైదానపు కోర్టుల్లో వ్యాపారులు ఏకపక్ష తీర్పులు తెచ్చుకుని, చిన్న చిన్న బాకీలకు పశువులను, ధాన్యాన్ని జప్తు చేసుకుపోయారు. అంటే అది కేవలం ముత్తాదారుల అధికారం కోసం జరిగిన పోరాటం కాదు. తినే తిండి, తాగే కల్లు, దున్నే ఎద్దు పోతుంటే తిరగబడిన జనం కథ.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది. పోడు నేరమైంది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, గాం మల్లు దొర వంటివారు నడిచిన పోరాటానికి మూలంలో కూడా పోడు నిషేధమే, సరిగ్గా కూలి ఇవ్వకుండా చేయించిన రోడ్డు పనే ఉన్నాయి.

నిజాం రాజ్యంలోనూ ఇదే కథ. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కొలాములు భూమికి విశ్రాంతినిస్తూ కొన్నేళ్లు ఒకచోట, కొన్నేళ్లు మరోచోట సాగు చేసేవారు. అలా వదిలిన బీళ్లను కూడా రిజర్వు అడవిలో కలిపేశారు. జల్, జంగల్, జమీన్ అంటూ కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఆ భూమి కోసమే. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన మధ్యకు పంపి అసలు బాధ ఏమిటో రాయించుకుంది.

రాజ్యాంగంలో మన చోటు

1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి ఆదివాసుల తరఫున మాట్లాడారు. చివరికి రాజ్యాంగంలో మనకు సంబంధించి 244వ అధికరణం, ఐదో షెడ్యూలు చేరాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి చేతులు మారకుండా, వడ్డీ వ్యాపారం అదుపు తప్పకుండా నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఇచ్చారు. ఈ రెండు విషయాలనే ప్రత్యేకంగా ఎందుకు రాశారో 1879 కథ చదివితే అర్థమవుతుంది. భూమి, అప్పు. ఈ రెంటి దారినే ఆకలి మన ఇంటికి వచ్చింది.

ఇవి కాక 46వ అధికరణం ఎస్సీ, ఎస్టీలను దోపిడీ నుంచి కాపాడమని ప్రభుత్వానికి చెబుతుంది. 47వ అధికరణం ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం ప్రభుత్వ ప్రాథమిక విధుల్లో ఒకటని చెబుతుంది. కానీ ఈ రెండూ ఆదేశిక సూత్రాలు. వీటి ప్రకారం పాలించాలి గాని, అమలు కాలేదని నేరుగా కోర్టుకు వెళ్లే వీలు లేదు. కాబట్టి మొదటి ఇరవై ఏళ్లు ఆకలి మాట రాజ్యాంగంలో ఉంది, ఆకలి తీరే దారి మాత్రం దూరంగానే ఉండిపోయింది.

మొదటి కొలత: ఎకరం

ఆంధ్రప్రదేశ్‌లో 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. అందులో సందులు ఉండేవి. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. ఆ జిల్లా రగిలిపోయింది. అటువంటి పరిస్థితుల్లోనే 1970లో మనం 1/70 అని పిలుచుకునే సవరణ వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది అతనే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. బొర్రా, అనంతగిరి ప్రాంతపు గూడేల పోరాటం అది.

2006 అటవీ హక్కుల చట్టం ఈ వరసలో తరువాతిది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు, చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకులు, తేనె వంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు ఇచ్చింది. మన పెద్దలకు నేరమైనది మళ్లీ మనకు హక్కయింది. నూటపాతికేళ్లు పట్టింది.

భూమి హక్కును ఆహార హక్కు అని ఎందుకంటున్నాను? పెరట్లో చిక్కుడు పాదు ఉన్న ఇంటికి చిక్కుళ్ల ధరతో పని లేదు. చేలో సామలు, చోళ్లు, కందులు కలిపి వేసుకున్న ఇంటిని సంత ధర పూర్తిగా పడగొట్టలేదు. ధర పెరుగుదల నుంచి కాపాడే మొదటి గోడ భూమి.

రెండో కొలత: కిలో

1981 మనం గుర్తుపెట్టుకోవలసిన సంవత్సరం. ఆ జనవరిలో ఢిల్లీలో సుప్రీంకోర్టు ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో తీర్పు ఇస్తూ, 21వ అధికరణంలోని జీవించే హక్కు అంటే ఊపిరితో ఉండటం మాత్రమే కాదు, తగిన పోషణ, బట్ట, గూడు కూడా అందులో భాగమని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్ 20న భూమి పట్టాల కోసం, పంటకు సరైన ధర కోసం ఇంద్రవెల్లి సంతకు చేరిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. రాజ్యాంగపు మాటకీ మన నేలకీ మధ్య దూరం ఎంతో ఈ రెండు తేదీలు చెబుతాయి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. దానికంటే ముందే, 1956 నుంచి గిరిజన సహకార సంస్థ మన అటవీ ఉత్పత్తులు కొనడం, డి.ఆర్. డిపోల ద్వారా ఉప్పు, పప్పు, కిరోసిన్ అమ్మడం చేస్తూ వచ్చింది. షావుకారి కుంచం నుంచి బయటపడటానికి అది మొదటి మెట్టు. కానీ ఇవన్నీ ప్రభుత్వ పథకాలు. పథకం దయ మీద నడుస్తుంది. ప్రభుత్వం మారితే అదీ మారవచ్చు.

పథకం హక్కుగా మారడం 2001లో మొదలైంది. రాజస్థాన్‌లో కరవు. ప్రభుత్వ గోదాముల్లో మాత్రం ధాన్యం నిండుగా ఉంది. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ నవంబరు 28న కోర్టు రేషను, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం వంటి ఎనిమిది పథకాలను ప్రజల హక్కులుగా పరిగణించి అమలు చేయాలని ఆదేశించింది. బడిలో వండిన అన్నం పెట్టాలన్నది ఆ ఆదేశమే. 2003 మే 2న ఇచ్చిన ఇంకో ఆదేశంలో ఆదిమ గిరిజన తెగల కుటుంబాలకు అంత్యోదయ కార్డులు ఇవ్వాలని చెప్పింది. చెంచులు, కొలాములు, కొండరెడ్లు వంటి తెగలకు ఇది ముఖ్యమైనది.

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. మనిషికి నెలకు ఐదు కిలోలు, అంత్యోదయ కుటుంబానికి ముప్పై ఐదు కిలోలు. బియ్యం మూడు రూపాయలు, గోధుమ రెండు, చిరుధాన్యాలు ఒక రూపాయి. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం ఉచితం. కార్డులో ఇంటి పెద్దగా పద్దెనిమిదేళ్లు దాటిన స్త్రీ పేరు ఉండాలి. రావలసిన ధాన్యం ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించాలి. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాలో ఒక అధికారి, రాష్ట్రానికి ఒక ఆహార కమిషన్ ఉండాలి.

ఈ చట్టంలో గొప్ప సంగతి, హక్కును కిలోల్లో రాయడం. బజారులో బియ్యం ధర ఎంత పెరిగినా మన ఐదు కిలోలు ఐదు కిలోలే.

కానీ లెక్క చూడండి. నెలకు ఐదు కిలోలంటే రోజుకు సుమారు 165 గ్రాములు. ఒక పని మనిషి కడుపుకు అది చాలదు. అందులో పప్పు లేదు, నూనె లేదు, కూర లేదు. అవన్నీ బజారు ధరకే. బియ్యమే ఎక్కువగా వస్తున్నందున సామలు, చోళ్లు కంచంలో తగ్గాయి. కొండవాలులో చిరుధాన్యాల చోటును చాలాచోట్ల జీడిమామిడి, కాఫీ, పత్తి తీసుకున్నాయి. వాటితో డబ్బు వస్తుంది, నిజమే. అయితే డబ్బు పంటకు ధర పడిపోయి, పప్పు ధర పెరిగిన ఏడాది రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలేది మనకే.

మూడో కొలత: రూపాయి

మూడో రకం హక్కులు రూపాయల్లో రాసినవి. అదే 2013 చట్టం గర్భిణులకు కనీసం ఆరు వేల రూపాయల ప్రసూతి సాయం ఇవ్వాలంది. చట్టంలో అంకె అప్పుడు ఆరు వేలే, ఇప్పుడూ ఆరు వేలే. ఆ డబ్బుతో అప్పుడు కొనగలిగినన్ని గుడ్లు, పాలు, పప్పు ఇప్పుడు రావు. అటవీ ఉత్పత్తులకు 2013-14 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న మద్దతు ధరల సంగతీ అంతే. ధర సకాలంలో సవరించకపోతే, మద్దతు ధరకు కొనేవారు సంతకు రాకపోతే, కాగితం మీద అంకె మిగులుతుంది, చింతపండు మళ్లీ దళారి సంచిలోకి పోతుంది.

ఇక్కడే మన చరిత్ర చెప్పే పాఠం ఉంది. ఎకరంలో ఉన్న హక్కు దగ్గరికి ధర రాలేదు. కిలోల్లో ఉన్న హక్కును ధర తాకలేదు గాని అది కడుపు నింపదు. రూపాయిల్లో ఉన్న హక్కును ధర ఏటా కొంచెం కొంచెం తినేస్తుంది. రేషను సరుకు బదులు డబ్బు ఇస్తామన్న మాట ఎప్పుడు వినిపించినా ఈ తేడా గుర్తుంచుకోండి. పూర్వం కుంచంలో జరిగిన మోసం, మనం చూడకపోతే, ఇప్పుడు అంకెలో జరుగుతుంది.

అలాగని రేషను వద్దనడం పొరపాటు. ఆషాఢ, శ్రావణాల్లో ఇంట్లో గింజ లేక మామిడి టెంకల అంబలి, జీలుగు పిండి జావ తాగి గడిపిన రోజుల గురించి మన అవ్వలను అడగండి. రేషను బియ్యం విలువ వాళ్లకు తెలుసు. రెండూ కావాలి. భూమి పునాది, రేషను గోడ.

మన చేతిలో ఉన్న పని

1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాల్లో మనం పెద్దగా పట్టించుకోనివి మూడు ఉన్నాయి. అన్యాక్రాంతమైన భూమిని తిరిగి ఇప్పించడం, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడం, ఊరి సంతను నిర్వహించడం. 1879లో మన పెద్దలు ఏ మూడింటి దగ్గర ఓడిపోయారో ఆ మూడే ఇవి.

కాబట్టి చదువుకున్న ప్రతి యువకుడూ, యువతీ వచ్చే గ్రామసభకు వెళ్లి నాలుగు సంగతులు అడగాలి. మన ఊళ్లో ఇంకా అటవీ హక్కు పత్రం రాని సాగుదారులు ఎందరు? సామూహిక అటవీ హక్కుకు దరఖాస్తు పెట్టామా? వేలిముద్ర పడలేదని, సిగ్నల్ లేదని రేషను రాని ముసలివాళ్లు ఎవరు, వారి తరఫున రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చామా? సంతలో తూకం ఎవరు సరిచూస్తున్నారు? జవాబులు ఒక నోటుపుస్తకంలో తేదీతో రాయండి. అడిగిన దానికి రసీదు తీసుకోండి. మన పెద్దలు ఓడిన చోట్ల ఎక్కువగా వాళ్ల దగ్గర కాగితం లేదు. ఎదుటివాడి దగ్గర ఉంది.

ఇంకో చిన్న పని కూడా ఉంది. ఇంటికి కాస్త చోటైనా సామలకో, చోళ్లకో, కందులకో వదలండి. అవ్వల దగ్గర మిగిలిన విత్తనాలు అడిగి దాచండి. వచ్చే కొత్తల పండుగకు దేవత ముందు పెట్టే గింజ సంతలో కొన్నది కాకుండా మన చేలో పండినదై ఉండాలి.

జై ఆదివాసీ.