కట్టుట, తొడుగుట, మోయుట

దుగ్గిరాల పసుపునకు మన యిండ్లలో వంటపనితోపాటు మరియొక పని కలదు. కొత్తబట్ట కట్టుకొనుటకు ముందు దాని అంచున రవంత పసుపు పెట్టవలెను. ఈ చిన్న ఆచారమును ఐరోపా భాషలలో చెప్పబూనినవానికి పసుపు దాక పోకముందే, 'కట్టుకొనుట' యను మాట యొద్దనే చిక్కు వచ్చును.

మనము చీర కట్టుకొందుము, రవిక తొడుగుకొందుము, తలపాగ చుట్టుకొందుము, టోపీ పెట్టుకొందుము, శాలువ కప్పుకొందుము. ఇంగ్లీషువారు వీనికన్నింటికిని 'వేర్' అను ఒక్క క్రియతో సరిపెట్టుకొందురు. బట్ట వాడగా వాడగా అరిగిపోవుటకును వారికి ఆ క్రియయే. ఫ్రెంచివారి 'పోర్తె', జర్మనుల 'ట్రాగెన్' అను క్రియలకు అసలు అర్థము మోయుట. ఆమె చీరను మోయుచున్నదనినచో మన యింట పిల్లలు సైతము నవ్వుదురు; చాకిరేవునకు పోవు మూటకైతే ఆ మాట చెల్లును. చీకిన బట్టను జర్మనులు 'అబ్‌గెట్రాగెన్' అందురు. అనగా మోసి మోసి ముగించినదని. ఫ్రెంచివారు దానిని 'యూజె' అని, వాడుకకు సంబంధించిన వేరొక మాటతో చెప్పుదురు. ఇంగ్లీషున ఒక్కటియైనది పొరుగున రెండగుచున్నది.

ఇది నిఘంటుకారుల వినోదము మాత్రమే యనుకొనరాదు. ఒకప్పుడు మన తీరమందలి సాలెవారికిని అద్దకపువారికిని ఇది కూటి సంగతి.

దుగ్గిరాలనుండి తెనాలి, రేపల్లెల మీదుగా సముద్రము వైపు పోయినచో నిజాంపట్నము వచ్చును. 17వ శతాబ్దిలో ఐరోపా వర్తకులు దానిని 'పెటపోలి' అని వ్రాసికొనిరి. డచ్చివారు 1606లో అచ్చట వర్తకశాల నెలకొల్పిరి. 1611 ఆగస్టులో ఇంగ్లీషు కంపెనీవారి 'గ్లోబ్' ఓడ పులికాటుకు పోగా, అచ్చటి డచ్చివారు వర్తకమునకు సమ్మతింపరైరి. ఓడ పెటపోలికి వచ్చి, పిదప మచిలీపట్నము చేరెను. ఓడలోని వర్తకులలో ముఖ్యుడైన ఫ్లోరిస్ తానును డచ్చివాడే! వారికి కావలసినది మన బట్ట. దానిని తూర్పు దీవులలో మిరియములకును సుగంధద్రవ్యములకును మార్చుకొనుటకు.

ఆ బట్టకు వన్నె తెచ్చినది చిరివేరు. ఇసుకనేలలో పెరుగు చిన్న మొక్క వేరది. గుడ్డను ఉదికి, కరక్కాయ కషాయమునను గేదెపాలలోను నానబెట్టి, పటికతో గీతలు వ్రాసి, చిరివేరుతో ఉడికించినచో పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు నిలుచును. ఎన్ని యుతుకులైనను ఆ రంగు పోదు. ఉతికినకొలది వెలసిపోవు రంగులకు అలవాటుపడిన ఐరోపావారికి ఇది వింతయయ్యెను.

ఈ బట్టకు పేరు పెట్టుటలో ఎవరి చూపు వారిది. పోర్చుగీసువారు 'పింతాదో', అనగా చిత్రించినది, అనిరి. ఫ్రెంచివారు దేశమును చూచి 'ఆందియెన్' అనిరి. ఇంగ్లీషువారు చుక్కలను తెలుపు ఉత్తరాది మాట 'ఛీంట్' పట్టుకొని, బహువచనపు సకారము చేర్చి, తుదకు దానినే ఏకవచనముగా భావించి 'చింట్జ్' చేసికొనిరి. డచ్చివారి 'సిత్స్', జర్మనుల 'త్సిత్స్' దాని సోదరములే. డచ్చినుండి రష్యాకు పోయి అది 'సీతెత్స్' ఐనది. మనవారు బొమ్మను వ్రాయుదురు. శ్రీకాళహస్తిలో ఈ కళకు వ్రాతపని యని పేరు. ఆ మాట యే ఓడయు ఎక్కలేదు. మనమిప్పుడు గొప్పగా చెప్పుకొను 'కలంకారీ' సైతము పారసీక పదమే.

బట్టకు ఆదరము పెరిగినకొలది అచ్చటి నేతగాండ్రకు పని తగ్గెను. ఫ్రాన్సు 1686లో దీనిని నిషేధించి 1759 వరకు ఆ కట్టడి సడలింపలేదు. లండనులో 1719లో నేతగాండ్రు వీథులలో స్త్రీల మేనిపైని అద్దకపు వస్త్రములను చించివేసిరి. వారిది దౌర్జన్యమే; ఆకలియు నిజమే. 1721 నాటి ఇంగ్లీషు చట్టము అద్దకపు నూలుబట్టను ధరించుటనే నేరము చేసి, ధరించినవారికి 5 పౌనుల జరిమానా విధించెను. అచ్చట 'వేర్' అను ఒక్క మాట చాలినది. తెలుగున ఆ చట్టము వ్రాయవలసియుండినచో కట్టుకొన్నవారు, తొడుగుకొన్నవారు, చుట్టుకొన్నవారు, కప్పుకొన్నవారు అని వరుస పెట్టవలసివచ్చెడిది. ఒకటి మరచినచో చెన్నపట్టణపు వకీలు వదలునా?

1774లో ఇంగ్లండు తన యంత్రపు నూలుబట్టపై అద్దకమును అనుమతించెను. తరువాతి శతాబ్దిలో సీమ అద్దకపు బట్ట మన సంతలకు వచ్చిపడినది. మన ఆడవారు దానిని చీటిగుడ్డ యనిరి. ఆ 'చీటి' యెవరో కాదు, 'చింట్జ్'కు చుట్టమే. ఇంగ్లీషునందు ఆ పేరునుండియే చవుకబారుతనమును సూచించు విశేషణ మొకటి పుట్టినది. ఫ్రెంచివారి 'ఆందియెన్'కు అట్టి నింద అంటలేదు. కనుక ఆ విశేషణమును ఫ్రెంచిలోనికి మార్చువారు బట్ట పేరు విడిచి వేరు మాట వెదకుకొనవలసినదే.