నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి పదవీకాలం (1977–82)

భారతదేశ ఆరో రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి (1913–1996) పోటీ లేకుండా ఆ పదవికి ఎన్నికైన ఏకైక వ్యక్తి. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, రెండుసార్లు లోక్‌సభ స్పీకరు కూడా. రాష్ట్రపతిగా ఆయన ఐదేళ్లూ ఒక ఎత్తు, అందులో 1979 జులై, ఆగస్టు నెలలు ఒక ఎత్తు. ఆ రెండు నెలల్లో తీసుకున్న రెండు నిర్ణయాల మీద రాజ్యాంగ పండితులు, రాజకీయవేత్తలు, తెలుగువాళ్లు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. మొదటి నిర్ణయాన్ని సమర్థించవచ్చు. రెండోదాన్ని సమర్థించడం కష్టం.

నేపథ్యం

అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టారు. మద్రాసు అడయారులోని థియోసాఫికల్ పాఠశాలలో, తర్వాత అనంతపురం ప్రభుత్వ కళాశాలలో చదివారు. 1931లో చదువు వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్లారు. ఆయన భార్య నాగరత్నమ్మ కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డికి తోబుట్టువు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉన్న నాగిరెడ్డి అనంతపురంలో బావగారినే ఓడించారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1960లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లి, 1962లో మళ్లీ ముఖ్యమంత్రిగా తిరిగొచ్చారు. శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది ఈ రెండో విడతలోనే, 1963లో. ఆ జలాశయానికి తర్వాత ఆయన పేరే పెట్టారు.

ముఖ్యమంత్రి పదవి ఆయన వదులుకున్న తీరును రాష్ట్రపతిగా ఆయన్ను అంచనా వేసేటప్పుడు మరిచిపోకూడదు. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణలో రాజకీయ ప్రత్యర్థుల రూట్లను ఏరి దెబ్బ తీశారని ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. ముఖ్యమంత్రి మీద స్పష్టమైన ఆరోపణ ఉన్నా, దాన్ని ఖండిస్తూ ఆయన స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. దాంతో కోర్టు ఆ ఆరోపణను నిజమని తీసుకోక తప్పలేదు. పదవి దిగిపొమ్మని కోర్టు అనలేదు, ఢిల్లీ కూడా అనలేదు. అయినా 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. తప్పు జరిగిందన్న మరక ఉంది, మరక పడ్డాక కుర్చీ పట్టుకుని వేలాడని మర్యాదా ఉంది. ఆయన జీవితంలో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి.

1969 ఓటమి

జాకీర్ హుస్సేన్ మరణంతో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ పెద్దల వర్గం, అంటే అప్పటి పత్రికల భాషలో ‘సిండికేట్’, స్పీకరుగా ఉన్న సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలబెట్టింది. నామినేషన్ పత్రం మీద ఇందిరాగాంధీ కూడా సంతకం పెట్టారు. పోలింగు దగ్గరపడ్డాక మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమని ఆమె వర్గం పిలుపునిచ్చింది. అధికార పార్టీ అభ్యర్థి ఓడిపోయారు. గెలిచిన వరాహగిరి వెంకటగిరి కూడా తెలుగువారే. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఆ ఏడాదే కాంగ్రెస్ చీలింది. 1971లో లోక్‌సభకు కూడా ఓడి, ఆయన ఇల్లూరు వెళ్లి సేద్యం చూసుకున్నారు.

అత్యవసర పరిస్థితి తర్వాత 1977లో దేశమంతా జనతా గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌ను అది తాకలేదు. 42 స్థానాల్లో జనతాకు దక్కింది నంద్యాల ఒక్కటే, అక్కడ గెలిచింది సంజీవరెడ్డి. మళ్లీ స్పీకరయ్యారు. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణంతో ఖాళీ అయిన రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే పరిశీలనలో 36 చెల్లలేదు. 1977 జులై 25న ఆయన ప్రమాణం చేశారు. కొద్దిరోజులకే, స్వాతంత్ర్య దినోత్సవం ముందు, జీతంలో 70 శాతం వదులుకుంటున్నానని, రాష్ట్రపతి భవన్ విడిచి చిన్న నివాసానికి మారాలనుకుంటున్నానని ప్రకటించారు.

1979 జులై, ఆగస్టు

జనతా ప్రభుత్వం రెండేళ్లకే కలహాలతో కుంగిపోయింది. ప్రతిపక్ష నేత వై.బి. చవాన్ అవిశ్వాస తీర్మానం పెట్టడం, సొంత సభ్యులే గుంపులుగా పార్టీ వదలడంతో ప్రధాని మొరార్జీ దేశాయ్ జులై 15న రాజీనామా చేశారు. రాష్ట్రపతి మొదట చవాన్‌ను ప్రయత్నించమన్నారు. ఆయన తన వల్ల కాదని చెప్పాక మొరార్జీని, జనతా నుంచి విడిపోయిన చరణ్‌సింగ్‌ను తమ మద్దతుదారుల జాబితాలు ఇమ్మన్నారు. జాబితాలు వచ్చాయి. రెండింటిలోనూ కనిపించిన పేర్లున్నాయి! ప్రధాని పదవి వదిలిన మొరార్జీ పార్టీ నాయకత్వం మాత్రం వెంటనే వదల్లేదు. దాంతో జనతాలోని మరో నేత జగ్జీవన్‌రామ్‌కు ఆ దశలో దారి మూసుకుపోయింది. లెక్క సరిచూసుకుని సంజీవరెడ్డి జులై 26న చరణ్‌సింగ్‌ను పిలిచారు. పిలుస్తూనే, ఆగస్టు మూడో వారం నాటికల్లా లోక్‌సభలో విశ్వాసం నిరూపించుకోవాలని చెప్పారు.

మొరార్జీతో రాష్ట్రపతికి పొసగలేదన్నది నిజమే. దాన్ని పట్టుకుని ఈ ఎంపికనూ తప్పుపట్టినవాళ్లున్నారు. కానీ కాగితం మీద ఎవరి బలం ఎక్కువో చూసి, అంతిమ తీర్పు సభకే వదిలిన పద్ధతి సబబైనదే. నిరూపణకు గడువు పెట్టడం తర్వాతి రాష్ట్రపతులకు ఒరవడి అయింది.

గడువు దగ్గరపడింది. చరణ్‌సింగ్‌కు ఇచ్చిన మద్దతును ఆగస్టు 19న ఇందిరాగాంధీ ఉపసంహరించుకున్నారు. మర్నాడు సభ కూడాల్సిన రోజు, చరణ్‌సింగ్ పార్లమెంటుకు వెళ్లకుండా రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి రాజీనామా ఇచ్చి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. అప్పటికి జనతా పార్లమెంటరీ పార్టీ నేత జగ్జీవన్‌రామ్. ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం తనకివ్వాలని అడిగారు. ఆగస్టు 22న ఆయన, పార్టీ అధ్యక్షుడు చంద్రశేఖర్ రాష్ట్రపతిని కలిశారు. తొందరపడరన్న నమ్మకంతో బయటికొచ్చారు. అదే రోజు లోక్‌సభ రద్దయింది.

ఒక్కసారి కూడా సభను ఎదుర్కోని ప్రధాని ఇచ్చిన సలహా రాష్ట్రపతిని ఎంతవరకు కట్టేస్తుంది? వివాదమంతా ఈ ప్రశ్న చుట్టూనే. సంజీవరెడ్డిని సమర్థించేవారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు: ఫిరాయింపులతో చీలికలు పేలికలైన ఆ సభలో నిలకడైన ప్రభుత్వం పుట్టే ఆశ లేదు, బేరసారాలకు సమయమిచ్చే కన్నా ప్రజల దగ్గరికి పంపడమే మేలు. అయితే జులైలో చవాన్‌కూ చరణ్‌సింగ్‌కూ అందిన అవకాశం ఆగస్టులో జగ్జీవన్‌రామ్‌కు ఎందుకు అందలేదన్నదానికి ఈ వాదనలో జవాబు లేదు. ఆయన సభలో ఓడిపోయి ఉండవచ్చు. ఓడితే సభలోనే ఓడనివ్వాల్సింది. దేశానికి తొలి దళిత ప్రధాని అయ్యే అవకాశం ఓటింగు దాకా రాకుండానే పోయింది. జగ్జీవన్‌రామ్ 1986లో మరణించారు. దళితుడైన దామోదరం సంజీవయ్యను ముఖ్యమంత్రిగా చూసిన రాష్ట్రం నుంచి వెళ్లిన రాష్ట్రపతి హయాంలో ఇలా జరగడం మరింత బాధ కలిగిస్తుంది. జనతా నాయకులు అభిశంసన మాట కూడా ఎత్తారు.

రద్దు తర్వాత ఆయన చూపిన జాగ్రత్తను మెచ్చుకోవాలి. కొత్త విధానాలకు, భారీ ఖర్చుకు దారితీసే నిర్ణయాలు ఆపద్ధర్మ ప్రభుత్వం తీసుకోకూడదని రద్దు ప్రకటనలోనే చెప్పించారు. ఇలాంటి ప్రభుత్వం రోజువారీ పాలనకే పరిమితం కావాలన్న అభిప్రాయాన్ని కలకత్తా హైకోర్టు కూడా 1980 నాటి తీర్పులో వ్యక్తం చేసింది.

ఇందిర తిరిగొచ్చాక

1980 జనవరి ఎన్నికల్లో ఇందిరాగాంధీ పార్టీకి 353 స్థానాలు వచ్చాయి. 1969లో తన ఓటమికి కారణమైన నాయకురాలి చేత జనవరి 14న సంజీవరెడ్డి ప్రధానిగా ప్రమాణం చేయించారు. పాత పగను పదవిలోకి రానివ్వలేదు. ఈ నిగ్రహం గొప్పదే. అయితే నిగ్రహం ఎక్కడ ఆగాలి అన్నది వేరే ప్రశ్న. ఫిబ్రవరి 17న కేంద్రం తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను ఒక్క దెబ్బకు రద్దు చేయిస్తే ఆయన సంతకం పెట్టారు. 1977లో జనతా ప్రభుత్వం ఇదే పని చేసినప్పుడు తాత్కాలిక రాష్ట్రపతి బి.డి. జత్తి కొంతైనా తటపటాయించారు. మంత్రివర్గ సలహాను పునఃపరిశీలనకు ఒకసారి తిప్పిపంపే అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చిన 44వ సవరణ సంజీవరెడ్డి హయాంలోనే, 1979లో, చట్టమైంది. దాన్ని వాడి ఉత్తరప్రదేశ్ విషయంలో కేంద్రం సిఫార్సును తిప్పిపంపింది మాత్రం 1997లో కె.ఆర్. నారాయణన్. విచారణ లేకుండా నిర్బంధించే వీలిచ్చిన 1980 సెప్టెంబరు నాటి జాతీయ భద్రతా ఆర్డినెన్సు మీద ఉన్నదీ సంజీవరెడ్డి సంతకమే. క్విట్ ఇండియా ఖైదీ ఆ కాగితం దగ్గర ఆగి ఉంటే బాగుండేది.

1982 జులైలో వీడ్కోలు ప్రసంగంలో ఆయన గొంతు మారింది. వరుసగా వచ్చిన ప్రభుత్వాలేవీ సామాన్యుల బతుకులను బాగుచేయలేకపోయాయని, దుష్పాలనను ఎదిరించే బలమైన ప్రతిపక్షం కావాలని చెప్పారు. పదవి దిగాక అనంతపురం చేరుకున్నారు. 1989లో వచ్చిన జ్ఞాపకాల గ్రంథంలో తన నిర్ణయాలకు తన వివరణ ఇచ్చుకున్నారు. 1996 జూన్ 1న బెంగళూరులో మరణించారు.

1979 నాటి ప్రశ్న తర్వాతా ఎదురైంది. 1991 మార్చిలో చంద్రశేఖర్ ప్రధానిగా రాజీనామా చేసి సభ రద్దు కోరినప్పుడు రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ కూడా సభను రద్దు చేశారు. అప్పుడు 1979 స్థాయిలో గొడవ రేగలేదు. 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో, రాష్ట్ర ప్రభుత్వాల విషయంలో, మెజారిటీ ఉందో లేదో సభలోనే తేలాలని సుప్రీంకోర్టు చెప్పింది.