పలకల ఊర్లో వెబ్ నేర్చుకున్న కథ

ఈరోజు ఎపిసోడ్ సగం చరిత్ర, సగం మా ఇంటి గోల. ఓపిగ్గా వినండి.

మొన్న గిద్దలూరు నుంచి డిగ్రీ చదివే ఒక తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుందామంటే ఆర్నెల్లకోసారి ఏదో ఒక కొత్తది వస్తోంది. నేను నేర్చుకునేలోపు అది పాతదైపోతే నా పరిస్థితేంటి? పైగా ఇప్పుడు ఏఐ కూడా వచ్చిందాయె." నిజం చెప్పాలంటే ఆ భయం నాకూ ఉంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని మీద బతుకుతున్నా, ఇంకా పోలేదు. కాకపోతే మా మార్కాపురానికి ఈ భయం కొత్త కాదు. అందుకే కంప్యూటర్ దగ్గర కాకుండా రాయి దగ్గర మొదలుపెడతాను.

మీ అమ్మానాన్నలు రాతి పలక మీద అక్షరాలు దిద్ది ఉంటే, ఆ పలక మా ఊరిదే అయ్యుండొచ్చు. మార్కాపురం చుట్టుపక్కల భూమిలో నల్లగా, బూడిదరంగులో పొరలు పొరలుగా ఉండే రాయి దొరుకుతుంది. కోట్ల ఏళ్ల కిందటి బురద నొక్కుకుపోయి అలా రాయి అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతి పొరలకు మన కంభం పేరే పెట్టుకున్నారు. ఉలి పెట్టి సరిగ్గా పొర దొరికే చోట కొడితే పుస్తకంలో పేజీ విడిపోయినట్టు విడిపోతుంది. తప్పు చోట కొడితే ముక్కలే. ఎక్కడ కొట్టాలన్నది ఎవరూ రాసి చెప్పలేరు. పక్కన కూర్చుని చూడాలి, నాలుగు రాళ్లు పగలగొట్టాలి, తిట్లు తినాలి. అట్లా విడదీసిన రాయిని కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క ఫ్రేము బిగిస్తే పలక. దానికి బొగ్గూ దొండాకూ రుద్ది నల్లగా చేసుకునే పని పిల్లలది.

పలక చాలా గొప్ప వస్తువండీ. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయడమే, కాగితం దండగ లేదు. దానికన్నా ముందు మన వీధి బళ్లలో ఇసకలో వేలితో దిద్దించేవారు. 1790ల్లో మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ ఆయన ఈ ఇసక రాతను చూసి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని కూడా నడిపించి, 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అది ఇంగ్లండులో మద్రాసు పద్ధతి అనే పేరుతోనే పాకింది. చేత్తో దిద్దడం, తుడవడం, తెలిసినవాడు తెలియనివాడికి చూపించడం. ఈ మూడు ముక్కలూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

ఇప్పుడు బాధ కలిగించే సంగతి. దేశంలో పిల్లలందరికీ పలకలు పంపిన ఊళ్లో, పలకలు చేసింది కూడా పిల్లలే. 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, ముందుగా పని మొదలుపెట్టాల్సిన చోట్లను ఎంచుకుంది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, ఇంకా కొన్ని. ఆ జాబితాలో మార్కాపురం పలకలు కూడా ఉన్నాయి. మా నాన్న కథ దానికన్నా ముందుది. తొమ్మిదేళ్లప్పుడు షెడ్డులోకి వెళ్లాడు. బడికి పోలేదు. విరిగిపోయి పక్కన పడేసిన పలకల మీద, తోటి కుర్రాళ్లు గీసి చూపిస్తే అక్షరాలు నేర్చుకున్నాడు. ఆండ్రూ బెల్ పేరు ఆయనకు తెలీదు, కానీ పద్ధతి అదే. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో అప్పుడు ఆయనకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు దగ్గు చెబుతుంది.

తర్వాత నోటుపుస్తకాలు చౌకయ్యాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. రాతి పలక అడిగేవాళ్లు తగ్గారు. షెడ్లన్నీ మూతపడాల్సిందే అనుకున్నారు. కొన్ని మూతపడ్డాయి కూడా. మిగిలినవాళ్లు ఏం చేశారంటే, అదే రాయిని నేలకీ గోడకీ అతికించే టైల్స్‌గా కోసి విదేశాలకు పంపడం మొదలుపెట్టారు. పలక కొలతలు తెలిసినవాడి పని పోయింది. పొర ఎక్కడ విడుతుందో తెలిసినవాడికి పని దొరికింది.

సరే, ఇక కంప్యూటర్.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా, అదీ పెద్ద నగరాల్లో. మా వైపు సంగతి వేరు. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఒక మూల, ఆ తర్వాత ప్రకాశంలో ఇంకో మూల. మాకు ముందు తెలిసింది ఇంటర్నెట్ కాదు, డీటీపీ సెంటర్. 2004లో నేను ఒక షాపులో పనికి కుదిరాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, శ్రద్ధాంజలి పోస్టర్లు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు. షాపన్న నేర్పే పద్ధతి ఒక్కటే: "కూర్చో, కొట్టు, తప్పొస్తే చెరిపి మళ్లీ కొట్టు."

టైపింగ్ ప్రాక్టీసుకి ఏం కొట్టాలో తోచక, రాత్రి ఇంట్లో నాన్న చెప్పేవి కాగితం మీద రాసుకొచ్చి అవే కొట్టేవాణ్ణి. ఏ గనిలో చేశాడు, కూలి ఎంత, ఎవరెవరు పక్కన కూర్చున్నారు, ఎవరి వేలు పోయింది. పదకొండు పేజీలైంది. సీడీలో వేసుకుని దాచాను. చేత్తో రాసిన కాగితాలు ఇల్లు మారినప్పుడు ఎటో పోయాయి. సీడీ ఉందిలే అనుకున్నా.

ఆ తర్వాత హైదరాబాద్, అమీర్‌పేట. అప్పుడు ఫ్లాష్ అంటే మహా క్రేజ్. ఎగిరే అక్షరాలు, తిరిగే లోగోలు. అప్పు చేసి ఫీజు కట్టి ఆర్నెల్లు ఫ్లాష్ నేర్చుకున్నాను. హెచ్‌టీఎంఎల్‌కి మాత్రం ఏ కోర్సూ చేయలేదు. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి, నచ్చిన పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి, వ్యూ సోర్స్ చూసి, దాన్ని ఫ్లాపీలో ఎక్కించుకుని, రూములో ఒక్కో లైను తీసేస్తూ ఏం విరుగుతుందో చూసేవాణ్ణి. తర్వాత ఏమైందో తెలుసు కదా. 2010లో స్టీవ్ జాబ్స్ మా ఐఫోన్లో ఫ్లాష్ ఉండదని బహిరంగ లేఖ రాశాడు. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కి పూర్తిగా సెలవిచ్చింది. ఫీజు కట్టి నేర్చుకున్నది పోయింది, ఊరికే నేర్చుకున్నది ఇంకా అన్నం పెడుతోంది. టిమ్ బెర్నర్స్ లీ 1991లో పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీని మీ ఫోన్లో ఇప్పుడు తెరవండి, తెరుచుకుంటుంది.

అలాగని పాతదంతా బంగారం అనడం లేదు. నా సీడీ సంగతి వినండి మరి.

కొన్నేళ్ల కిందట ఆ ఫైల్ తెరిచాను. నాన్న మాటలు లేవు. ఇంగ్లీషు అక్షరాలు, విచిత్రమైన గుర్తులు, చెత్త. ఎందుకంటే పాత ఫాంట్లు ఒక మోసం చేసేవి. కంప్యూటర్‌కి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలుండే గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి నడిపించేవారు. ఆ ఫాంట్ ఉంటే తెలుగు, లేకపోతే చెత్త. అప్పట్లో తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు కూడా అంతే, ఒక్కో పేపరుకి ఒక్కో ఫాంటు. యూనికోడ్ వచ్చి ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒకే నంబరు ఇచ్చింది. 1991లోనే మొదటి వెర్షన్లో తెలుగుకి 128 గదులు కేటాయించారు. కానీ అది సామాన్యుడి కంప్యూటర్లోకి రావడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు రావాల్సి వచ్చింది. 2003 డిసెంబర్లో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. పేపర్ల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ కూడా ఆయన చేసిందే. 2006లో వీవెన్ లేఖిని పెట్టారు, ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసుకోవడానికి. వీళ్లెవరూ మనకు ఫీజు వసూలు చేసి చెప్పలేదు. చేసి, అందరికీ ఇచ్చేశారు.

నేనూ నా ఫైల్ కోసం ఒక కన్వర్టర్ రాద్దామని కూర్చున్నాను. జావాస్క్రిప్ట్‌లో ఒక పట్టిక: ఈ గుర్తు వస్తే ఈ తెలుగు ముక్క. ఒక సాయంత్రం పని అనుకున్నా. మొదటి లైన్లో 'మార్కాపురం' దగ్గరే ఆగిపోయింది. ఎందుకో చూడండి. యూనికోడ్‌లో ఆ పేరు పది ముక్కలు: మ, దీర్ఘం, ర, పొల్లు, క, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్న. అంటే మనం పలికే వరసలో. పాత ఫాంటులో కంటికి కనిపించే వరస. 'ర్కా' రాయండి ఒకసారి చేత్తో. ముందు 'రా' రాస్తారు, తర్వాత కింద క వత్తు ఇస్తారు. దీర్ఘం ముందొచ్చేసింది, క తర్వాత వచ్చింది. కాబట్టి ముక్కలు మారిస్తే చాలదు, వరస కూడా తిప్పాలి. ఏ పుస్తకమూ నాకు ఇది చెప్పలేదు. బలపం పట్టుకుని పలక మీద రాసిన చెయ్యి చెప్పింది. 

ఇప్పుడైతే ఏఐని అడిగితే ఇట్లాంటి ప్రోగ్రాం నిమిషంలో రాసిస్తుంది. నేనూ వాడతాను, దాచేదేముంది. కానీ అది ఇచ్చినదాంట్లో వత్తు ఎక్కడ తప్పిందో పట్టుకోవాలంటే, ఒకసారైనా మనం తప్పి ఉండాలి. 

గిద్దలూరు తమ్ముడికి నేను కోర్సు పేరు ఏమీ చెప్పలేదు. ల్యాప్‌టాప్ లేదన్నాడు. ఫోన్లో క్రోమ్ తెరిచి, ఏదైనా సైటు చిరునామా ముందు ఇంగ్లీషులో వ్యూ-సోర్స్ అని కొట్టి కోలన్ పెట్టమన్నాను. లోపలి సరుకంతా కనిపిస్తుంది. ఇప్పటి పెద్ద సైట్లు తెరిస్తే అడవిలా ఉంటుంది, చిన్నవాటితో మొదలుపెట్టమన్నాను. ఒక పేజీ కాపీ చేసుకుని, రోజుకో లైను పీకి చూడమన్నాను. రెండు వారాలైంది. నిన్న మెసేజ్ పెట్టాడు, మొత్తం పేజీ పాడైపోయిందన్నా అని. భలే సంతోషమేసింది.

కన్వర్టర్ తయారయ్యాక మొదటి పేజీని ఫోన్లో పెట్టి నాన్న చేతికిచ్చాను. అక్షరాలు పెద్దవి చేసుకుని, వేలు కింద పెట్టుకుని చదివాడు. దగ్గు వల్ల మధ్యలో ఆగి ఆగి. ఒక చోట ఆగి నావైపు చూశాడు.

"సుతి ఏందిరా? సుత్తికి వత్తేదీ?"

ఆ ఫాంటులో త వత్తు రెండు చోట్ల, రెండు ఆకారాల్లో ఉంది. నా పట్టికలో ఒకటే పెట్టాను. ఆ రాత్రే ఇంకో వరస కలిపాను. తర్వాత ఆయన ఇంకా ఐదు పట్టుకున్నాడు. బడికి పోని మనిషి, నా కోడ్‌ని నాకన్నా బాగా టెస్ట్ చేశాడు.

ఇప్పటికి పది పేజీలు శుభ్రంగా వచ్చాయి. ఏడో పేజీలో ఒక మనిషి పేరు మాత్రం ఆయనకీ అందడం లేదు, నాకూ అందడం లేదు. నాన్న పక్కన కూర్చుని రాయి కొట్టిన మనిషి. మొదటి అక్షరం 'వ' లాగా ఉంది, 'మ' కూడా కావొచ్చు. ఈ వీడియో ఎడిటింగ్ అయిపోయాక మళ్లీ దాని ముందు కూర్చోవాలి. ఉంటాను మరి.