డిచ్‌పల్లి నేర్పే దాసత్వం

గర్వాన్ని గూర్చి ప్రసంగించేటప్పుడు మనం సాధారణంగా నెబుకద్నెజరును, హేరోదును ఉదాహరిస్తాము. అయితే పరిచర్యలోనే పుట్టే గర్వం ఒకటున్నది. "నేను ఇచ్చేవాడిని, వారు పుచ్చుకొనేవారు" అనే తలంపే అది. దీనిని పరిశీలించడానికి మన ఉత్తర తెలంగాణ సంఘ చరిత్రలోనే ఒక దృష్టాంతమున్నది.

నిర్మల్ నుండి సోన్ వద్ద గోదావరి దాటి హైదరాబాదు దారిన వెళ్తే నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లి వస్తుంది. స్కాట్లాండ్‌లో 1875లో జన్మించిన డాక్టర్ ఇసబెల్ కెర్ అబర్డీన్‌లో వైద్యవిద్య నభ్యసించి, 1907లో భర్త రెవ. జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ పక్షాన నిజాం రాజ్యానికి వచ్చారు. జార్జ్ గారు పూర్వం వడ్రంగి పని చేసినవారు. 1911లో వారు నిజామాబాద్‌లో కుష్ఠరోగుల కొరకు చిన్న కేంద్రమొకటి ప్రారంభించారు. అప్పటికి ఆ వ్యాధికి నమ్మకమైన మందు లేదు. తరువాత చాల్‌మోగ్రా నూనెతో చికిత్స చేశారు. ఊరు వెలివేసిన వారిని తాకడమే ఆ సేవకు ఆరంభం. కుష్ఠరోగిని శుద్ధుని చేయకముందే ప్రభువు చెయ్యి చాపి అతనిని ముట్టెను గదా (మత్తయి 8:3).

ఇందులో మనం తరచుగా మరచే భాగమొకటి ఉన్నది. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి స్థాపనకు ధనసహాయం చేసినవారు రాజా నర్సాగౌడ్ అనే హైందవ దాత. ఇవ్వడానికి వచ్చిన మిషనరీలు ఇక్కడ పుచ్చుకొనేవారయ్యారు. వారి హృదయాలను దేవుడే ఎరుగును. కాని ఆ ఆసుపత్రి ఒక్కరి ఘనత కాదని చరిత్ర సాక్ష్యమిస్తున్నది.

నయమాను వృత్తాంతంలో కూడా (2 రాజులు 5) కుష్ఠు కంటే ముందు గర్వమే లోబడవలసి వచ్చింది. సేనాధిపతి ఒక చెరపట్టబడిన చిన్నదాని మాటను, తన దాసుల మాటను అంగీకరించిన తరువాతనే యొర్దానులో మునిగాడు. పేతురు తన పాదములు కడుగనియ్యనన్నప్పుడు (యోహాను 13:8) అది వినయంగా కనబడినది. ప్రభువు దానిని ఒప్పుకొనలేదు. ఆయనే సమరయ స్త్రీని నీళ్లడిగాడు, స్త్రీల ఆస్తిచేత ఉపచారము పొందాడు (లూకా 8:3). కాబట్టి దీనత్వమంటే తన్ను తాను కించపరచుకొనడం కాదు. ఎదుటివాడు కూడా ఇవ్వగలవాడని గుర్తించడం.

నేనును ఈ దోషానికి అతీతుడను కాను. ఒక చలికాలంలో దుప్పట్లు పంచుతూ, ఫోటో సరిగా రాలేదని ఒక వృద్ధురాలిని రెండవసారి చేయి చాపమన్నాను. ఆమె చాపింది. మరునాడు ఆమె మా ఇంటికి కొన్ని సీతాఫలాలు తెచ్చినప్పుడు, "నీకెందుకమ్మా ఈ శ్రమ" అని తిప్పి పంపబోయాను. "నా చేతివి తీసుకోవా అయ్యగారూ?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఈనాటికీ నా వద్ద జవాబు లేదు.

ఇసబెల్ కెర్ 1932లో మరణించారు. వేదికలపై శాలువలు, శిలాఫలకాలపై పేర్లు కోరుకొనే మన తరం కాపరులు ఒక్క ప్రశ్న వేసుకొనడం మంచిది: నా సంఘంలోని అతి బీదవాని చేతి నుండి నేను చివరిసారి ఏమి పుచ్చుకొన్నాను?