పల్లెకు పాఠం చెప్పిన రేడియో

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1958లో మాడిసన్‌లోని తమ ఆవరణలో ఒక ఫలకం పెట్టించారు. అమెరికాలో అన్నిటికన్నా పాత రేడియో స్టేషన్ తమదేనని దాని సారాంశం. పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ వాళ్లు దీన్ని ఒప్పుకోరు. 1920 నవంబరు 2న అధ్యక్ష ఎన్నికల ఫలితాలు గాలిలో వినిపించింది తామేనంటారు. డెట్రాయిట్ వాళ్లది ఒక లెక్క, కాలిఫోర్నియాలోని శాన్‌హోసే వాళ్లది ఇంకో లెక్క. ప్రయోగాలను కలుపుకోవాలా, రోజూ క్రమం తప్పకుండా జరిగినదాన్నే ప్రసారం అనాలా అన్నదాన్ని బట్టి మొదటి పీట చేతులు మారుతుంటుంది. ఆ తగువు వాళ్లకే వదిలేద్దాం. డబ్ల్యూహెచ్‌ఏ అనే ఆ స్టేషన్ మీద నాకు గౌరవం దాని వయసును చూసి కాదు. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు తమ లైసెన్సులు ఒక్కొక్కటిగా వదులుకుంటున్న రోజుల్లో ఇది వదులుకోలేదు. పైగా, రేడియోతో ఏం చెయ్యవచ్చో దశాబ్దాలపాటు చేసి చూపించింది.

కథ 1915లో మొదలవుతుంది. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడు ఎడ్వర్డ్ బెనెట్ 9ఎక్స్‌ఎమ్ అనే పేరుతో ప్రయోగాల లైసెన్సు తెచ్చాడు. అది కొద్దికాలానికే భౌతికశాస్త్ర శాఖలోని ఎర్ల్ టెర్రీ చేతికి వచ్చింది. 1916 చివర్లో వాతావరణ సూచనలు మోర్స్ సంకేతాల్లో పంపడం మొదలుపెట్టారు. మంచు ఎప్పుడు పడుతుందో తెలియాల్సింది రైతుకు, సంకేతాలు చదవగలిగింది సరదాకి వైర్‌లెస్ నేర్చుకున్న ఏ కుర్రాడో. మాటే నేరుగా పోవాలని టెర్రీ పట్టుపట్టడంలో ఆశ్చర్యం లేదు.

మాట పోవాలంటే వాల్వులు కావాలి. కావలసిన శక్తి ఉన్న వాల్వులు బజారులో దొరికే కాలం కాదది. టెర్రీ, ఆయన శిష్యులు ప్రయోగశాలలోనే గాజు ఊది, లోపల తీగలు అమర్చి, పంపు పెట్టి గాలంతా తోడేసి, మూతి కరిగించి మూసేవాళ్లు. రోజుల తరబడి కూర్చుని చేసిన వాల్వు తీరా వాడబోతే మాడిపోయేది. మళ్లీ మొదటికి. ఆ శిష్యుల్లో మాల్కం హాన్సన్ తరవాత రిచర్డ్ బర్డ్ దక్షిణ ధ్రువ యాత్రలో రేడియో ఇంజినీరుగా వెళ్లాడు. సి.ఎం. జాన్‌స్కీ అనే ఇంకో శిష్యుడి తమ్ముడు కార్ల్ జాన్‌స్కీ 1930లలో నక్షత్రమండలం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకుని ఒక కొత్త శాస్త్రానికి పునాది వేశాడు.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగగానే ఔత్సాహికుల స్టేషన్లన్నీ మూయించారు. 9ఎక్స్‌ఎమ్‌కి మాత్రం నౌకాదళంతో కలిసి ప్రయోగాలు చేసుకునే అనుమతి దక్కింది. యుద్ధం అయిపోయాక 1921 జనవరి 3న వాతావరణ సూచనలు మాటల్లో వినపడటం మొదలైంది. 1922 జనవరిలో స్టేషన్‌కి డబ్ల్యూహెచ్‌ఏ అన్న పేరు వచ్చింది. అదే ఇప్పటికీ ఉంది.

ఇంతవరకూ ఇది భౌతికశాస్త్రం వాళ్ల కథ. అక్కడితో ఆగి ఉంటే ప్రదర్శనశాలలో ఒక అరకి సరిపోయేది. ఆగకపోవడానికి కారణం ఆ విశ్వవిద్యాలయానికి అప్పటికే ఉన్న ఒక పట్టుదల. చదువు ఆవరణ గోడల దగ్గర ఆగకూడదు, రాష్ట్రంలో ప్రతి ఇంటికీ చేరాలి అని దాని అధ్యక్షుడు చార్లెస్ వాన్ హైస్ ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచీ చెబుతూ వచ్చాడు. పోస్టులో పాఠాలు పంపే విస్తరణ విభాగం వాళ్లకుంది. ఆ పాఠాలు నడిపిన విలియం లైటీయే డబ్ల్యూహెచ్‌ఏ తొలి కార్యక్రమ నిర్వాహకుడు. యంత్రం టెర్రీది, అందులో ఏం మాట్లాడాలన్నది లైటీ చూసుకున్నాడు. టెర్రీ 1929లో కన్నుమూశాడు.

1927లో ఫెడరల్ రేడియో కమిషన్ వచ్చి తరంగాల పంపకం మొదలుపెట్టాక మంచి ఫ్రీక్వెన్సీలన్నీ వాణిజ్య స్టేషన్ల వైపే పోయాయి. విద్యాసంస్థల స్టేషన్లు కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని ఖర్చు భరించలేక మూతపడ్డాయి. డబ్ల్యూహెచ్‌ఏకి దక్కింది పగటి పూట మాత్రమే. పొద్దుగూకితే కట్టెయ్యాలి. చూడటానికి ఇది శిక్షే. కానీ పగలు రేడియో దగ్గర ఉండేదెవరు? ఇంట్లో గృహిణి, మధ్యాహ్నం భోజనానికి వచ్చిన రైతు, బడిలో పిల్లలు. అందుకే కార్యక్రమాలన్నీ వాళ్ల చుట్టూ అల్లుకున్నాయి. రాత్రి వేళ చిక్కి ఉంటే ఈ స్టేషన్ కూడా నాటకాలతో, నాట్య సంగీతంతో షికాగో స్టేషన్లతో పోటీకి దిగేదేమోనని నా అనుమానం.

హెచ్.బి. మెకార్టీ నిర్వహణలో 1931 అక్టోబరులో విస్కాన్సిన్ స్కూల్ ఆఫ్ ది ఎయిర్ మొదలైంది. అప్పట్లో ఆ రాష్ట్రంలో ఒక గది, ఒక టీచరు ఉన్న పల్లె బడులు వేలల్లో ఉండేవి. ఆ ఒక్క టీచరే లెక్కలు చెప్పాలి, చరిత్ర చెప్పాలి, సంగీతమూ బొమ్మలూ కూడా నేర్పాలి. ఆ కొరత రేడియో తీర్చింది.

ఆ రేడియో పాఠాల్లో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఎడ్గర్ గోర్డన్ సంగీతపాఠం. పిల్లలు ఆయన్ని 'పాప్' గోర్డన్ అనేవాళ్లు. పాట వినిపించడం కాదు ఆయన చేసింది, పాడటం నేర్పాడు. మాడిసన్ స్టూడియోలో కూర్చుని ఒక పంక్తి పాడతాడు, ఆగుతాడు. ఆ ఖాళీలో ఎక్కడెక్కడో బడుల్లో పిల్లలు గొంతెత్తి పాడాలి. వాళ్లు శ్రుతిలో ఉన్నారో లేదో ఆయనకు వినపడదు. ఏ చోట తప్పు పాడి ఉంటారో ముందే ఊహించి దిద్దాలి. మన రేడియో అన్నయ్య, అక్కయ్యలైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు పిల్లల్ని స్టూడియోకే రప్పించుకుని పాడించారు. గోర్డన్‌కి ఆ వీలు లేదు. అందుకని ఏడాదికోసారి వేసవి సెలవుల ముందు పిల్లలందర్నీ మాడిసన్‌కి రప్పించేవాడు. అంతమంది పట్టే చోటు విశ్వవిద్యాలయంలో పశువుల ప్రదర్శనశాల ఒక్కటే. ఒకరి మొహం ఒకరు చూడని పల్లెల పిల్లలు వేలమంది, ఒక్క రిహార్సల్ కూడా కలిసి చెయ్యకుండా, ఏడాదంతా నేర్చిన పాటలు అక్కడ కలిసి పాడేవాళ్లు. ఏడాదంతా వినపడని గొంతులు గోర్డన్‌కి అక్కడ వినపడేవి.

ఇదే పద్ధతిలో జేమ్స్ ష్వాల్‌బాక్ రేడియోలో బొమ్మలు నేర్పాడు. బొమ్మ చూపించే వీలే లేదు కాబట్టి ఎవరి బొమ్మ వాళ్లే ఊహించుకుని వెయ్యాలి. నకలు తీసే అవకాశం లేకపోవడం ఆ పాఠానికి మేలే చేసింది. 'రేంజర్ మాక్'గా పేరుపడిన వేకలిన్ మెక్‌నీల్ 1933 నుంచి రెండు దశాబ్దాలకు పైగా చెట్టూ పుట్టా పిట్టల గురించి పిల్లలకు చెప్పాడు. ఆ కార్యక్రమానికి ప్రసార రంగంలో ఇచ్చే పీబడీ పురస్కారం వచ్చింది. ప్రకృతి సంరక్షణ ఆలోచనకు పెద్దదిక్కయిన ఆల్డో లియోపోల్డ్ కూడా 1930లలో ఈ మైకు ముందు రైతులతో మాట్లాడినవాడే.

స్టేషన్ సొంత ఇంటి సంగతి కూడా చెప్పాలి. 1934లో ఆవరణలో వాడకం లేకుండా పడి ఉన్న పాత ఆవిరి ప్లాంటును బాగుచేసి రేడియో హాలుగా మార్చారు. ఆర్థిక మాంద్యం రోజులు. నిరుద్యోగులకు పని చూపించే ప్రభుత్వ పథకాల సొమ్ముతో ఆ పని జరిగింది. గోడ మీద 9ఎక్స్‌ఎమ్ తొలినాళ్ల బొమ్మ ఒకటి వేయించారు.

సాయంత్రంతో గొంతు మూగబోయే బాధ ఎఫ్‌ఎమ్ వచ్చాక తీరింది. 1947లో మొదలుపెట్టి అయిదారేళ్లలో రాష్ట్రమంతా ఎఫ్‌ఎమ్ ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టారు. నవలలు విడతలుగా చదివే 'చాప్టర్ ఎ డే' అప్పటికే ఇంటింటి అలవాటు. 1930ల మొదట్లో పుట్టిన ఆ కార్యక్రమంలో కార్ల్ ష్మిట్ 1941 నుంచి ఆరు దశాబ్దాలకు పైగా పుస్తకాలు చదివాడు. ఒక గొంతు, ఒక పుస్తకం, అరగంట. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతకాలం నిలిచిన కార్యక్రమం ఇంకోటి నాకు తెలియదు.

మాడిసన్ దగ్గరి పల్లె బడిలో ఈ పాఠాలు విని పెరిగిన కుర్రాడు బిల్ సీమరింగ్. చదువుకునే రోజుల్లో డబ్ల్యూహెచ్‌ఏలోనే పనిచేశాడు. తరవాత న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో విశ్వవిద్యాలయ స్టేషన్ నడిపాడు. నేషనల్ పబ్లిక్ రేడియో పెట్టినప్పుడు దాని ఆశయపత్రం రాసింది ఆయనే. 1971 మే 3న మొదలైన 'ఆల్ థింగ్స్ కన్సిడర్డ్' వార్తా కార్యక్రమానికి రూపం ఇచ్చిందీ ఆయనే. ఆ సంస్థలో తొలి సభ్యుల్లో డబ్ల్యూహెచ్‌ఏ ఒకటి.

మన దగ్గర విశ్వవిద్యాలయాలకు మైకు అందడానికి ఇంకో ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఉన్నారు. ఆ తరవాతే దారి తెరుచుకుంది. 2004లో చెన్నైలో అన్నా ఎఫ్‌ఎమ్, ఆనక హైదరాబాద్ విశ్వవిద్యాలయం 'బోల్ హైదరాబాద్' వచ్చాయి. ఈ స్టేషన్లకు ప్రకటనలూ పరిధీ అన్నీ కొలతల్లోనే.

డబ్ల్యూహెచ్‌ఏ ఇప్పుడు విస్కాన్సిన్ పబ్లిక్ రేడియోలో భాగం. డబ్బు కొంత రాష్ట్రానిది, కొంత విశ్వవిద్యాలయానిది, ఎక్కువగా శ్రోతల చందాలది. 1990లో ఇక్కడ పుట్టి దేశమంతా విన్న 'టు ది బెస్ట్ ఆఫ్ అవర్ నాలెడ్జ్'ని 2025లో ఆపేశారు. అదే ఏడాది జూలైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ రేడియో, టీవీలకు రెండేళ్లకు కేటాయించిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. పెద్ద నగరాల స్టేషన్లు చందాలతో నెట్టుకొస్తాయి. దెబ్బ ముందుగా తగిలేది శ్రోతలు తక్కువగా ఉన్న పల్లె ప్రాంతాల ట్రాన్స్‌మిటర్ల మీదే.