టైగర్ ట్యాంకుకి తుప్పు పట్టేంత టైమ్ ఎక్కడిది?

మూడు నెలలుగా నా డైనింగ్ టేబుల్ మీద ఒక టైగర్ ట్యాంకు ఉంటోంది. అసలుదాంట్లో పదహారో వంతు. ఫిరంగితో కలిపి 53 సెంటీమీటర్ల పొడుగు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా బొమ్మలతో ఆటలేంట్రా?" అంటుంది. అతికించడం రెండు వారాల్లో అయిపోయింది, మిగతా టైమంతా రంగులకే. ఆ రంగుల కోసం చదువుతూ పోతే తేలిందేంటంటే, నేను మొదట వేసిందంతా తప్పని.

ముందు తుప్పు సంగతి. మోడల్స్ చేసేవాళ్ళలో చాలామందికి ఉన్న జబ్బిది. యుద్ధంలో తిరిగిన బండి కదా అని ఒళ్ళంతా ఎర్రటి మరకలు పెట్టేస్తాం. నేనూ పెట్టాను. కానీ టైగర్లు తయారైందే 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా, మొత్తం ఓ 1350. చాలావాటి ఆయుష్షు నెలల్లోనే. మందపాటి ఉక్కు, దానిమీద ఎర్ర ప్రైమరు, ఆపైన రంగు. అది తుప్పుపట్టి పొరలూడేలోపే శత్రువు పేల్చేసేవాడు, లేదా చెడిపోయి లాగే దిక్కులేక సొంత సిబ్బందే పేల్చేసి పోయేవాళ్ళు. రంగు లేని ట్రాకుల మీద, వేడికి రంగు మాడిపోయే పొగగొట్టాల మీద మాత్రం తుప్పు ఉండాల్సిందే. ఇక తగలబడిన ట్యాంకుకైతే రంగంతా కాలిపోయి రోజుల్లోనే తుప్పు పడుతుంది. అంటే నేను రంగులేసింది నడిచే ట్యాంకుకి కాదు, శవానికి!

సరే, మొత్తం గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను.

1943 ఫిబ్రవరి వరకూ జర్మన్ ట్యాంకులకి ముదురు బూడిద రంగే ఎక్కువ. తర్వాత ఫ్యాక్టరీలో ముదురు పసుపు వేసి పంపడం మొదలైంది. దాని మీద వేసుకోవడానికి ఆకుపచ్చ, ఎరుపు కలిసిన గోధుమ రంగు ముద్దల్ని డబ్బాల్లో ఇచ్చేవాళ్ళు. పెట్రోల్లోనో నీళ్ళలోనో కలుపుకుని, స్ప్రే ఉంటే స్ప్రేతో, లేకపోతే బ్రష్షుతో పూసుకోవాలి. ఒక్కో బండి ఒక్కోలా ఉండేది అందుకే. రష్యా చలికాలంలో వీటిమీద తెల్లపూత. మన ఇళ్ళకి పండక్కి కొట్టే సున్నం లాంటిదే, సిబ్బంది ఎక్కి దిగే చోట ముందు పోతుంది. పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టు నీటుగా గీత గీసినట్టు వేయడం అనవసరం అని నాకనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది జిమ్మెరిట్ కథ. 1943 చివరి భాగం నుంచి వచ్చిన టైగర్ల మీద గరుకు గరుకుగా గాట్లు కనిపిస్తాయే, అది. అయస్కాంతంతో అంటుకునే మైన్లు ట్యాంకుకి పట్టకుండా రంపపు పొట్టు, బేరియం సల్ఫేట్, జిగురు వగైరా కలిపిన ముద్ద పూసేవాళ్ళు. తమాషా ఏంటంటే అలాంటి మైన్లు పెద్దయెత్తున వాడింది జర్మన్లే. మనమే రాసిన వైరస్ మనకే వస్తుందేమోనని యాంటీవైరస్ రాసుకున్నట్టు! ఆ ముద్ద అంటుకుంటుందన్న పుకార్ల మధ్య 1944 సెప్టెంబరులో ఆపేశారు. పూత మందం 4 మిల్లీమీటర్లు అనుకుంటే మన స్కేలులో పావు మిల్లీమీటరు. పుట్టీతో నేను మొదట వేసింది చపాతీ అంత ఉంది. రెండోసారి పల్చగా పూసి, ఊడిన చోట కింద ఎర్ర ప్రైమరు చుక్క పెట్టాను. ఆ చుక్కలకే మూడు ఆదివారాలు పట్టింది.

ఇక మిగిలింది ఫిరంగి గొట్టం చుట్టూ తెల్ల గీతలు. కొన్ని టైగర్ల సిబ్బంది వీటిని గీసుకునేవాళ్ళు, ఒక్కో గీతా వాళ్ళు ధ్వంసం చేశామని చెప్పుకున్న ఒక్కో శత్రు ట్యాంకు. ఆ లెక్కల్ని జర్మన్ నిఘా విభాగమే పూర్తిగా నమ్మక, కోత కోసి వాడుకునేది. సైజు చూసి పది వేద్దామనుకున్నా. మాస్కింగ్ టేపు చుట్టి, సన్న బ్రష్షు తీసుకుని మొదటి గీత వేశాక గుర్తొచ్చింది, 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న టీ-34లో నలుగురు కూర్చునేవాళ్ళని. గీత బ్రహ్మాండంగా వచ్చింది, నా చేతికి ఇంత స్థిరంగా ఎప్పుడూ రాలేదు. రెండోది వేయలేకపోయాను. మరి ఆ ఒక్కటీ చెరపాలా? గీతలున్న బండ్లు నిజంగానే ఉండేవి, చెరిపితే అది ఇంకో అబద్ధం. వారం నుంచి టేపు అలాగే చుట్టి ఉంది.

నిన్న అమ్మకి ఫొటో పంపితే, "చక్రాలకి ఆ మట్టి కడగలేదేంట్రా" అంది.