నాలుగక్షరాల రోగనిర్ణయము

లినక్సును స్థాపించి కంప్యూటరును మరల నడుపగా, తెరపై రెండక్షరములు కనబడి అంతటితో ఆగిపోయినచో, డిస్కులోని సమస్తమును నశించెనని విద్యార్థి బెదరును. నిజమునకు ఆ రెండక్షరములే రోగమును తెలుపుచుండెడివి.

1991లో ఫిన్లాండు దేశీయుడగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. దానిని డిస్కునుండి మేల్కొలుపుటకు వెర్నర్ ఆల్మెస్‌బర్గర్ 1992లో 'లైలో' అను ప్రోగ్రామును రచించెను. డిస్కులోని తొలి సెక్టారు 512 బైట్లు మాత్రమే. అందు దోషమును వివరించు వాక్యములకు చోటు చాలదు. కావున లైలో ఒక్కొక్క దశ దాటినప్పుడు తన పేరులోని ఒక్కొక్క అక్షరమును చూపునట్లు ఏర్పాటు చేసిరి: ఎల్, ఐ, ఎల్, ఓ.

మొదటి 'ఎల్' కడనే ఆగినచో రెండవ భాగము డిస్కునుండి చదువబడలేదన్నమాట. 'ఎల్, ఐ' అని ఆగినచో, ఆ భాగము చదువబడినది గాని నడువలేదు. డిస్కు కొలతలను యంత్రములోని బయోస్ ఒకరీతిగను, లైలో వేరొకరీతిగను లెక్కించుటయో, లేక ఆ భాగమున్న ఫైలు చోటు మారుటయో దీనికి కారణము. ఫైలు చోటు మారినచో, ఫ్లాపీతో యంత్రమును నడిపి లైలోను మరల స్థాపించిన చాలును. దత్తాంశమునకు హాని లేదు. నాలుగక్షరములును కనబడినచో లైలో పని సక్రమమే.

2015 డిసెంబరుతో లైలో అభివృద్ధి ముగిసినది. అయినను అది నేర్పిన పాఠము నిలిచియున్నది: యంత్రము ఆగినప్పుడు, ఎంతవరకు నడిచినదో ముందు చూడవలెను.